త్రిమితీయ దృశ్యచిత్రణలో గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్ ఎంపిక: బాధ్యత, మన్నిక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

త్రిమితీయ దృశ్యాలను చిత్రించే ప్రోగ్రాము జీపీయూతో నేరుగా మాట్లాడదు. ఓపెన్‌జీఎల్, డైరెక్ట్‌త్రీడీ, వల్కన్, మెటల్, వెబ్‌జీపీయూ వంటి ఒక ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ ద్వారా మాట్లాడుతుంది. వీటిలో ఏది వేగవంతమన్న ప్రశ్న చుట్టూనే సాధారణంగా చర్చ సాగుతుంది. మెమరీ, సమకాలీకరణ, స్థితి వంటి లెక్కలను డ్రైవర్ చూసుకోవాలా, ప్రోగ్రాము రచయిత చూసుకోవాలా అన్న బాధ్యతా విభజనే ఈ ఇంటర్‌ఫేసుల మధ్య గల మౌలిక భేదమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టితో వాటి చరిత్రను, పనితీరును, వేదికల వారీ లభ్యతను పరిశీలించి, పరిశోధకులూ అధ్యాపకులూ ఎంపిక చేసుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలను చర్చిస్తుంది.

కీలకపదాలు: త్రిమితీయ దృశ్యచిత్రణ, గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్, డ్రైవర్, ఓపెన్‌జీఎల్, వల్కన్, వెబ్‌జీపీయూ, సమకాలీకరణ.

1. ఉపోద్ఘాతం

సీటీ స్కాన్‌ను తెరపై అన్ని వైపులా తిప్పి చూడాలన్నా, లేజర్ స్కానర్‌తో కొలిచిన ఆలయమండపాన్ని నమూనాగా నిలపాలన్నా, ద్రవప్రవాహ గణనల ఫలితాన్ని కంటికి కనిపించేలా చేయాలన్నా చివరకు చేయవలసిన పని ఒకటే. అంకెల రూపంలో ఉన్న త్రిమితీయ సమాచారాన్ని, చూసేవారి కోణం మారిన ప్రతిసారీ, చదునైన తెరపై చిత్రంగా మార్చాలి. కదలిక సాఫీగా కనిపించాలంటే సెకనుకు 60 చిత్రాలు కావాలి. అంటే ఒక్కో చిత్రానికి దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఈ పని కోసమే ప్రత్యేకంగా రూపొందిన పరికరం జీపీయూ.

జీపీయూల తయారీదారులు అనేకులు. ఒకరి పరికరం లోపలి ఆదేశాలు మరొకరి పరికరానికి అర్థం కావు. ఒకే సంస్థ తీసుకువచ్చే రెండు తరాల పరికరాల మధ్య కూడా అవి మారిపోతుంటాయి. అందువల్ల ప్రోగ్రాముకూ పరికరానికీ నడుమ రెండు అంచెలు ఏర్పడ్డాయి. మొదటిది, ప్రోగ్రాము ఏయే పిలుపులు పిలవవచ్చో నిర్దేశించే ఇంటర్‌ఫేస్. రెండవది, ఆ పిలుపులను తన పరికరం భాషలోకి మార్చేందుకు తయారీదారు వ్రాసిన డ్రైవర్. ఇంటర్‌ఫేస్ ఒక ఒప్పందపత్రం వంటిది. ప్రోగ్రాము ఏమేమి చెప్పాలి, చెప్పకుండా వదిలేసిన వాటిని ఎవరు పూరించాలి అన్నది ఆ పత్రంలోనే ఉంటుంది.

ఈ ఎంపిక ఒక పరిశోధక విద్యార్థి విషయంలో చిన్నది కాదు. సిద్ధాంతగ్రంథానికి ఆధారమైన ప్రోగ్రాము ఒక ఇంటర్‌ఫేస్ మీద వేలాది పంక్తులుగా పెరిగిన తరువాత దానిని మరొకదానిమీదికి మార్చడమంటే నెలల పని. మార్చకపోతే, గ్రంథం సమర్పించిన కొన్నేళ్లకే ఆ ప్రోగ్రాము నడిచే యంత్రం దొరకని స్థితి రావచ్చు.

2. డ్రైవరు వ్రాసే లెక్కలు: ఓపెన్‌జీఎల్

సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ తన వర్క్‌స్టేషన్ల కోసం రూపొందించుకొన్న ఐరిస్ జీఎల్ అనే ఇంటర్‌ఫేసును సవరించి, ఇతర తయారీదారులకు కూడా అందుబాటులోకి తెచ్చిన రూపమే ఓపెన్‌జీఎల్. దాని తొలి నిర్దేశపత్రం 1992లో వెలువడింది. మార్క్ సీగల్, కర్ట్ ఏక్లీ దాని రచయితలు.

ఓపెన్‌జీఎల్ ఒక స్థితియంత్రం. ప్రస్తుత రంగు ఇది, ప్రస్తుత టెక్స్చర్ ఇది, ప్రస్తుత కాంతి ఇది అని ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయి, చివరకు ‘గీయి’ అని ఆదేశిస్తే, అప్పటికి అమలులో ఉన్న స్థితి అంతా ఆ గీతకు వర్తిస్తుంది. తొలినాళ్ల పద్ధతిలో జీఎల్‌బిగిన్, జీఎల్‌ఎండ్ అనే రెండు పిలుపుల నడుమ మూడు శీర్షబిందువులు చెప్తే తెరమీద త్రిభుజం కనిపిస్తుంది. నేర్చుకొనేవారికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

ఈ సులువుకు మూల్యం డ్రైవర్ చెల్లిస్తుంది. పూర్వం గ్రామంలో రైతు పొలం దున్నుకొనేవాడు, లెక్కలు కరణం వ్రాసేవాడు. రైతుకు అది సౌకర్యమే. తన పొలం లెక్క తనకే తెలియని స్థితి కూడా అదే. ఓపెన్‌జీఎల్ డ్రైవర్ అటువంటి కరణం. ప్రోగ్రాము ఒక బఫరును సృష్టించినప్పుడు అది జీపీయూ మెమరీలో ఉండాలా, ప్రధాన మెమరీలో ఉండాలా అన్నది డ్రైవరే ఊహిస్తుంది. జీపీయూ ఇంకా చదువుతున్న బఫరును ప్రోగ్రాము మార్చబోతే, ఆగాలా, రహస్యంగా మరొక నకలు తీయాలా అన్నదీ అదే నిర్ణయిస్తుంది. ప్రతి డ్రా కాల్ వద్ద స్థితి అంతా పరస్పరం పొసగుతున్నదా అని పరీక్షిస్తుంది. అంతకుముందు ఎన్నడూ చూడని స్థితుల కలయిక ఎదురైతే షేడరును అప్పటికప్పుడు మళ్లీ సంకలనం చేయవలసి రావచ్చు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారకపోయినా ఒక దృశ్యం హఠాత్తుగా తడబడటానికి ఇటువంటి కారణాలే ఉంటాయి. ఆ తడబాటు ఎక్కడ పుట్టిందో ప్రోగ్రాము రచయిత చూడలేడు, ఎందుకంటే లెక్కల పుస్తకం అతని చేతిలో లేదు.

3. పాతను వదలగలగడం: డైరెక్ట్‌త్రీడీ

1995లో మైక్రోసాఫ్ట్ రెండర్‌మార్ఫిక్స్ అనే చిన్న బ్రిటిష్ సంస్థను కొనుగోలు చేసింది. ఆ సంస్థ రూపొందించిన రియాలిటీ ల్యాబ్ ఆధారంగా 1996లో డైరెక్ట్‌త్రీడీ వెలువడింది. అందులో రిటైన్డ్ మోడ్, ఇమీడియట్ మోడ్ అని రెండు పద్ధతులుండేవి. రెండవదానిలో ఆదేశాలను ‘ఎగ్జిక్యూట్ బఫర్’ అనే పట్టికలో ప్రోగ్రామే నింపి అప్పగించాలి. ‘క్వేక్’ క్రీడ రచయితలలో ఒకరైన జాన్ కార్మాక్ 1996 డిసెంబరులో ఈ పద్ధతిని బహిరంగంగా విమర్శించి, ఓపెన్‌జీఎల్ వైపు మొగ్గారు. ఆయన విమర్శ న్యాయమైనదే. ఒక్క త్రిభుజం కోసం అంత తతంగం ఆనాటి రచయితలకు అనవసరం. 1997లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 5 సులభమైన పిలుపులను చేర్చి ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. ఆదేశాలను ముందుగా పట్టికలో నింపి అప్పగించడమనే ఆలోచనే ఇరవై ఏళ్ల తరువాత కమాండ్ బఫర్ పేరుతో ఆధునికతకు గుర్తుగా తిరిగి వచ్చింది. ఈసారి దానిని నింపేందుకు అనేక కోర్లు గల ప్రాసెసర్లున్నాయి.

డైరెక్ట్‌త్రీడీ ముందుకు సాగడానికి అసలు కారణం అది పాతను వదలడానికి వెనుకాడకపోవడం. 2000లో డైరెక్ట్‌ఎక్స్ 8తో ప్రోగ్రామబుల్ షేడర్లు, 2002లో డైరెక్ట్‌ఎక్స్ 9తో హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్ అనే ఉన్నత షేడర్ భాష వచ్చాయి. డైరెక్ట్‌త్రీడీ 10 అంతకుముందరి పద్ధతిని దాదాపు తుడిచివేసి కొత్తగా మొదలైంది. ఆ సాహసం భారం వాడుకరులపై పడింది. అది విస్టాలో తప్ప ఎక్స్‌పీలో నడవలేదు. పాత రిటైన్డ్ మోడ్ విస్టా నాటికి విండోస్‌తో రావడమే ఆగిపోయింది.

ఓపెన్‌జీఎల్ ఇందుకు విరుద్ధమైన దారిలో నడిచింది. ఇంజనీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ సంస్థల చేతిలో ఏళ్ల తరబడి పేరుకొన్న ప్రోగ్రాములుండడం వల్ల దేనినీ తీసివేయడం కష్టమైంది. 2006లో దాని నిర్వహణ ఖ్రోనోస్ గ్రూపు చేతికి వచ్చింది. సమూల పునర్నిర్మాణాన్ని ఆశించినవారికి 2008లో వెలువడిన ఓపెన్‌జీఎల్ 3.0 నిరాశనే మిగిల్చింది. 2009లో వచ్చిన 3.2 మాత్రం ‘కోర్’, ‘కంపాటిబిలిటీ’ అనే రెండు ప్రొఫైళ్లుగా చీల్చి, పాతవారిని పోగొట్టుకోకుండానే కొత్తవారికి శుభ్రమైన దారి చూపింది. చివరి ప్రధాన నిర్దేశపత్రం 4.6 వెలువడింది 2017లో.

వేగం దృష్టితో చూసేవారికి ఈ చరిత్ర ఓపెన్‌జీఎల్ ఓటమిగా కనిపిస్తుంది. మన్నిక దృష్టితో చూస్తే అంచనా తిరగబడుతుంది. 1990లలో వ్రాసిన ఓపెన్‌జీఎల్ ప్రోగ్రాము నేటికీ విండోస్, లినక్స్ యంత్రాలలో సంకలనమై నడిచే అవకాశం ఎక్కువ. అదే కాలపు రిటైన్డ్ మోడ్ ప్రోగ్రామును గురించి ఆ మాట అనలేము.

4. పుస్తకం రచయిత చేతికి: వల్కన్, దాని సహచరులు

2013లో ఏఎండీ సంస్థ మాంటిల్‌ను ప్రకటించింది. 2014లో ఆపిల్ మెటల్‌ను ఐఫోన్లకు తెచ్చింది. 2015లో విండోస్ 10తో డైరెక్ట్‌త్రీడీ 12 వచ్చింది. 2016 ఫిబ్రవరిలో, మాంటిల్ పునాదిపై ఖ్రోనోస్ నిర్మించిన వల్కన్ 1.0 వెలువడింది. మూడేళ్ల వ్యవధిలో నలుగురూ ఒకే వైపు కదలడం కాకతాళీయం కాదు. ప్రాసెసర్లలో కోర్లు పెరిగాయి. ఓపెన్‌జీఎల్ స్థితియంత్రం మాత్రం ఒక్క థ్రెడ్డుకే కట్టుబడి ఉంది. డ్రైవర్ ఊహల ఖర్చు భరించరానిదయింది.

కొత్త ఒప్పందంలో మెమరీ కేటాయింపు, సమకాలీకరణ, స్థితుల కూర్పు ప్రోగ్రాము బాధ్యతలు. షేడర్లు, బ్లెండింగ్, లోతు పరీక్ష మొదలైనవాటిని కలిపి ‘పైప్‌లైన్’ అనే వస్తువుగా ముందే నిర్మించుకోవాలి. అందువల్ల గీసే క్షణంలో పరీక్షించవలసింది దాదాపు ఉండదు. కమాండ్ బఫర్లను వేర్వేరు థ్రెడ్లలో ఏకకాలంలో నింపవచ్చు. బదులుగా, ఓపెన్‌జీఎల్ తొలి పద్ధతిలో పది పంక్తులలో వచ్చిన త్రిభుజానికి వల్కన్‌లో దాదాపు వెయ్యి పంక్తులు కావాలి.

పంక్తుల సంఖ్య కంటే లోతైన కష్టం సమకాలీకరణ. నీడలను చిత్రించే సాధారణ పద్ధతిని ఉదాహరణగా తీసుకోవచ్చు. మొదట దీపం ఉన్న చోటినుంచి దృశ్యాన్ని గీసి, ప్రతి బిందువు లోతును ఒక టెక్స్చర్లో నిలుపుతారు. తరువాత కెమెరా చోటినుంచి గీస్తూ, ఆ టెక్స్చరును చదివి, ఏ బిందువు నీడలో ఉందో తేలుస్తారు. మొదటి అంగంలో వ్రాసినది పూర్తయ్యాకే రెండవ అంగం చదవాలి. ఓపెన్‌జీఎల్‌లో ఈ సంగతి డ్రైవర్ గమనించి తానే ఆపుతుంది. వల్కన్‌లో ‘ఈ వ్రాత ముగిసి, కాష్‌లలో ఉన్నది మెమరీకి చేరాక, ఈ చదువు మొదలు కావాలి’ అని బ్యారియర్ రూపంలో రచయిత చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుంది? ఒక జీపీయూ మీద ఏమీ కాకపోవచ్చు. మరొక జీపీయూ మీద నీడలు చుక్కలు చుక్కలుగా చెదరవచ్చు. చిత్రాన్నే సాక్ష్యంగా చూపే పరిశోధనలో ఇది ప్రమాదకరమైన అనిశ్చితి. తన ప్రయోగశాలలోని ఒకే ఒక యంత్రం మీద సరిగా కనిపించినంత మాత్రాన ప్రోగ్రాము సరైనదని రచయిత చెప్పలేడు. దోషాలను పట్టే వాలిడేషన్ లేయర్లున్నాయి. వాటిని అమర్చుకోకుండా వల్కన్ వ్రాయడం తగదు. సమకాలీకరణ పరీక్షను అందులో ప్రత్యేకంగా ఆన్ చేసుకోవాలన్న సంగతి చాలామంది దృష్టికి రాదు.

మరి లాభం ఎవరికి? ఒక నగరనమూనాలో 10,000 వేర్వేరు వస్తువులున్నాయనీ, ఒక్కో డ్రా కాల్‌కు సీపీయూ మీద 2 మైక్రోసెకన్లు పడుతుందనీ అనుకుందాం. మొత్తం 20 మిల్లీసెకన్లు. 16.7 మిల్లీసెకన్ల హద్దు, జీపీయూ పని మొదలుపెట్టకముందే దాటిపోయింది. ఇటువంటి చోట కొత్త ఇంటర్‌ఫేస్ నిజంగా ఆదుకుంటుంది.

ఇప్పుడు సీటీ స్కాన్ సంగతి చూద్దాం. 512 × 512 పరిమాణం గల 300 పొరల స్కాన్‌లో 7,86,43,200 ఘనాంశాలుంటాయి. ఒక్కోదానికి 2 బైట్ల చొప్పున సుమారు 15.7 కోట్ల బైట్లు. దీనిని కిరణప్రసార పద్ధతిలో చిత్రించడానికి ఒకే ఒక్క డ్రా కాల్ చాలు; తెరపైని ప్రతి బిందువునుంచి ఒక కిరణం ఆ ఘనంలోకి చొచ్చుకొనిపోతూ వందలాది చోట్ల విలువలు చదువుతుంది. భారమంతా జీపీయూ మీదే. సీపీయూ ఖాళీగా ఉంది. ఇక్కడ ఓపెన్‌జీఎల్ నుంచి వల్కన్‌కు మారితే ఆదా అయ్యేది లెక్కకు రానంత స్వల్పం, ఎందుకంటే షేడరు చేసే పని రెండింటిలో ఒకటే. శాస్త్రీయ దృశ్యీకరణలో రెండవ కోవకు చెందిన సమస్యలే ఎక్కువ. క్రీడాపరిశ్రమ అవసరాలనుంచి పుట్టిన వేగపు పోలికలను పరిశోధకులు యథాతథంగా స్వీకరించడం వల్ల ఈ తేడా మరుగున పడుతోంది. మారడానికి ముందు సీపీయూ, జీపీయూ కాలాలను వేర్వేరుగా కొలిచి చూస్తే సందేహం ఒక పూటలో తీరుతుంది.

వల్కన్ కూడా తన కాఠిన్యాన్ని కొంత సడలించుకొంది. మొదట తప్పనిసరిగా ఉన్న రెండర్ పాస్ నిర్మాణాన్ని దాటవేసే వీలు 2022 నాటి 1.3లో చేరింది. అయినా వలస సులభం కాదు. త్రిమితీయ చిత్రకారులు విరివిగా వాడే బ్లెండర్‌లో వల్కన్ మార్గం ప్రయోగదశ దాటినది 2025లో వచ్చిన 4.5 సంచికలో. వల్కన్ పుట్టిన తొమ్మిదేళ్లకు! పూర్తికాలపు ఇంజనీర్లున్న ప్రాజెక్టు పరిస్థితి అది. ఒంటరిగా పనిచేసే పరిశోధకుడు తన కాలాన్ని దానినిబట్టి అంచనా వేసుకోవచ్చు.

5. వేదికలు, అనువాద పొరలు

డైరెక్ట్‌త్రీడీ విండోస్, ఎక్స్‌బాక్స్‌లకు చెందినది. మెటల్ ఆపిల్ పరికరాలకే పరిమితం. వల్కన్ విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్‌లలో ఉంది. ఓపెన్‌జీఎల్ అంతటా ఉందన్న మాట 2018 వరకు చెల్లింది. ఆ ఏడాది మాక్ ఓఎస్ 10.14తో ఆపిల్ దానిని కాలం చెల్లినదిగా ప్రకటించింది. తీసివేయలేదు, కానీ అంతకుముందే మాక్‌లో అది 4.1 వద్ద ఆగిపోయింది. జీపీయూను సాధారణ గణనలకు వాడే కంప్యూట్ షేడర్లు ఓపెన్‌జీఎల్‌లోకి వచ్చినది 4.3లో. కాబట్టి 4.3 మీద ఆధారపడిన పరిశోధన ప్రోగ్రాము ఏ మాక్‌లోనూ నేరుగా నడవదు. సహపరిశోధకుడి చేతిలో మాక్ ఉన్నప్పుడు మాత్రమే ఈ సంగతి బయటపడుతుంది.

గత పదేళ్లలో ఈ చిత్రాన్ని మార్చినవి అనువాద పొరలు. మోల్టెన్‌వీకే వల్కన్ పిలుపులను మెటల్‌లోకి మారుస్తుంది. డీఎక్స్‌వీకే పాత డైరెక్ట్‌త్రీడీ పిలుపులను వల్కన్‌లోకి మారుస్తుంది. 2018 నుంచి విండోస్ క్రీడలు లినక్స్‌లో విస్తారంగా నడవడానికి ఇదొక ముఖ్యకారణం. గూగుల్ నిర్వహించే యాంగిల్ ఓపెన్‌జీఎల్ ఈఎస్‌ను డైరెక్ట్‌త్రీడీ, వల్కన్, మెటల్‌లలోకి మారుస్తుంది. విండోస్‌లో క్రోమ్ బ్రౌజర్ చూపే త్రిమితీయ దృశ్యం దాని ద్వారానే వస్తుంది. మెసా ప్రాజెక్టులోని జింక్ పూర్తి ఓపెన్‌జీఎల్‌ను వల్కన్‌పై నిలబెడుతుంది. అంటే పాత కరణం లెక్కలన్నీ ఇప్పుడు కొత్త పుస్తకంలోనే వ్రాస్తున్నారన్నమాట. ఓపెన్‌జీఎల్‌కు డ్రైవర్ కరువైనా అది నడిచే దారి మిగిలి ఉంటుందన్న భరోసా దీనివల్ల కలిగింది.

భరోసాకు హద్దులున్నాయి. మెటల్‌లో జామెట్రీ షేడర్లు లేవు, వెబ్‌జీపీయూలోనూ లేవు. దృశ్యీకరణ పత్రాలలో విరివిగా కనిపించే జామెట్రీ షేడర్ ఆధారిత పద్ధతులను అక్కడికి తీసుకుపోవాలంటే కంప్యూట్ షేడర్లతో తిరిగి వ్రాయవలసి వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు ఆ సౌకర్యానికి మొదటినుంచే దూరంగా ఉండడం మంచిది.

గణితంలో కూడా చిన్న తేడాలున్నాయి. కెమెరా ముందున్న ప్రదేశాన్ని ప్రమాణఘనంలోకి కుదించినప్పుడు ఓపెన్‌జీఎల్‌లో లోతు −1 నుంచి 1 వరకు ఉంటుంది. డైరెక్ట్‌త్రీడీ, వల్కన్, మెటల్, వెబ్‌జీపీయూలలో 0 నుంచి 1 వరకు. వల్కన్‌లో నిలువు అక్షం క్రిందికి పెరుగుతుంది, తక్కినవాటిలో పైకి. పాఠ్యగ్రంథంలోని ప్రక్షేపమాత్రికను అలాగే వేరొక ఇంటర్‌ఫేసులో వాడితే దృశ్యం తలక్రిందులుగానో, దగ్గరి వస్తువులు కోసుకుపోయో కనిపించడానికి కారణమిదే. 0–1 పరిధికి ఒక అదనపు గుణముంది. ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలు సున్న దగ్గర దట్టంగా ఉంటాయి. దృక్పథ ప్రక్షేపంలో దూరపు వస్తువుల లోతులన్నీ ఒకటి దగ్గర కిక్కిరిసిపోతాయి. పరిధిని తిరగవేసి దగ్గరకు 1, దూరానికి 0 ఇస్తే సంఖ్యల దట్టదనం ఆ ఇరుకును సరిచేస్తుంది. విశాలమైన భూభాగ నమూనాలలో ఉపరితలాలు ఒకదానితో ఒకటి మినుకుమినుకుమనే దోషం దాదాపు పోతుంది. −1 నుంచి 1 పరిధిలో సున్న నడుమన పడుతుంది కనుక ఆ లాభం దక్కదు. ఓపెన్‌జీఎల్ ఈ పరిధిని మార్చుకొనే వీలు 4.5లో కల్పించింది, 4.1 వద్ద ఆగిన మాక్‌కు అదీ అందలేదు.

6. బ్రౌజర్ మార్గం, బోధన

వెబ్‌జీఎల్ 2011లో ఓపెన్‌జీఎల్ ఈఎస్ 2.0 ఆధారంగా వచ్చింది. దాని తరువాతి తరంగా భావించదగిన వెబ్‌జీపీయూ 2023లో క్రోమ్‌లో, 2025లో సఫారీలోనూ విండోస్ ఫైర్‌ఫాక్స్‌లోనూ ప్రవేశించింది. బాధ్యతా విభజన దృష్టితో ఇది ఆసక్తికరమైన మధ్యేమార్గం. పైప్‌లైన్, కమాండ్ బఫర్ వంటి ఆధునిక భావనలన్నీ ఇందులో ఉన్నాయి; బ్యారియర్లను మాత్రం ఇంటర్‌ఫేసే వేస్తుంది. నీడల ఉదాహరణలోని దోషం ఇక్కడ పుట్టే అవకాశం లేదు. అపరిచిత వెబ్ పుట నుంచి వచ్చిన ప్రోగ్రామును నడపవలసిన బ్రౌజర్ రచయిత జాగ్రత్తను నమ్ముకోలేదు కనుక ఈ రక్షణ తప్పనిసరి అయింది. క్రోమ్ వాడే డాన్, ఫైర్‌ఫాక్స్ వాడే డబ్ల్యూజీపీయూ అనే అమలురూపాలను బ్రౌజర్ లేకుండా కూడా వాడుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాలలోని కళాశాలలకు ఈ మార్గం ప్రత్యేకించి పరిశీలించదగినది. అనేక ఇంజనీరింగ్ ప్రయోగశాలలలో కంప్యూటర్ గ్రాఫిక్స్ పాఠం చాలాకాలం టర్బో సీ లోని గ్రాఫిక్స్ లైబ్రరీతోనే సాగింది. దానిని దాటినచోట గ్లట్ సహాయంతో జీఎల్‌బిగిన్, జీఎల్‌ఎండ్ పద్ధతి వచ్చింది. గ్లట్ చివరి సంచిక 1998 నాటిది. ఆ పద్ధతిని కోర్ ప్రొఫైల్ ఎన్నడో వదిలేసింది. గీతను గీసే బ్రెసెన్‌హామ్ పద్ధతి వంటివాటికి టర్బో సీ వల్ల నష్టం లేదు. కానీ షేడర్ అనే మాట వినకుండా గ్రాఫిక్స్ పాఠం ముగించిన విద్యార్థి పరిశోధనలో అడుగుపెట్టినప్పుడు ఇరవై ఏళ్ల దూరాన్ని ఒంటరిగా నడవాలి.

దీనికి విరుగుడుగా మొదటి పాఠంలోనే వల్కన్ చెప్పడం సరికాదు. మాత్రికలు, ప్రక్షేపం, కాంతి నమూనాలు నేర్వవలసిన సెమిస్టరులో సగం మెమరీ కేటాయింపుకే పోతుంది. ఓపెన్‌జీఎల్ 3.3 కోర్ ప్రొఫైల్ గానీ, వెబ్‌జీఎల్ 2 గానీ షేడర్ భావనను మొదటిరోజునే పరిచయం చేస్తాయి. రెండవదానికి బ్రౌజర్ తప్ప ఏ స్థాపనా అక్కర్లేదు. ప్రయోగశాల యంత్రం పాతదైనా విద్యార్థి తన ఫోనులోనే చూసుకోవచ్చు. వల్కన్ రెండవ కోర్సులో, సమకాలీకరణనే పాఠ్యాంశంగా చేసుకొన్నప్పుడు, సార్థకమవుతుంది.

తెలుగులో దృశ్యాలకు పేర్లు పెట్టదలచినవారికి మరొక కారణం తోడవుతుంది. ఏ గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేసుకూ అక్షరమంటే తెలియదు; దానికి తెలిసినవి త్రిభుజాలు, టెక్స్చర్లు. ఆంగ్లంలో అక్షరానికొక బొమ్మ చొప్పున పట్టిక చేసుకొని వరుసగా అతికిస్తే సరిపోతుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క లిపిసంకేతంలో యూనికోడ్ వర్ణాలు ఆరు. వాటిని ఒక్కొక్కటిగా అతికిస్తే విరామచిహ్నాలతో విడివిడిగా చెదిరిపోతాయి. ఒత్తులను, గుణింతాలను సరైన రూపంలో కూర్చడానికి హార్ఫ్‌బజ్ వంటి ప్రత్యేక సాధనాన్ని జోడించి, దాని ఫలితాన్ని టెక్స్చరుగా మార్చి జీపీయూకు పంపాలి. బ్రౌజరులో ఈ కూర్పు సిద్ధంగా ఉంటుంది. ద్విమితీయ కాన్వాస్‌పై వ్రాయించి దానినే టెక్స్చరుగా వాడుకోవచ్చు. శరీరనిర్మాణ నమూనాకో, ఆలయ నమూనాకో తెలుగు పేర్లు కావాలనుకొన్న అధ్యాపకుడికి ఇది రోజుల శ్రమను తగ్గిస్తుంది.

7. పరిశోధకుడి నిర్ణయం

పరిశోధన ప్రశ్న దృశ్యచిత్రణ పద్ధతిలోనే ఉన్నదా, లేక చిత్రణ ఒక సాధనం మాత్రమేనా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. సాధనం మాత్రమే అయితే ఏ ఇంటర్‌ఫేసునూ నేరుగా తాకకపోవడమే ఉత్తమం. 1993లో మొదలైన వీటీకే, దానిమీద నిర్మించిన పారావ్యూ, బ్రౌజరులోనైతే త్రీ.జేఎస్ వంటివి ఇంటర్‌ఫేసు మార్పుల దెబ్బను తామే కాచుకొంటాయి. త్రీ.జేఎస్ వెబ్‌జీఎల్ నుంచి వెబ్‌జీపీయూ వైపు సాగుతున్న తీరు చూస్తే, దాన్ని వాడేవారి ప్రోగ్రాములో మారవలసింది తక్కువేనని తెలుస్తుంది. ప్రశ్న చిత్రణలోనే ఉన్నప్పుడు, ఉదాహరణకు కిరణానుసరణ పరికరాలనో మెష్ షేడర్లనో పరీక్షిస్తున్నప్పుడు, వల్కన్, డైరెక్ట్‌త్రీడీ 12 వంటివి తప్పవు. వెబ్‌జీపీయూ ప్రమాణంలో ఆ రెండు సౌకర్యాలూ లేవు.

ఏది ఎంచుకొన్నా, ఫలితాన్ని పరులు సరిచూసే వీలు వేరుగా కల్పించాలి. ఓపెన్‌జీఎల్ నిర్దేశపత్రం ప్రతి బిందువూ అన్ని యంత్రాలపై ఒకేలా ఉండాలని కోరదు. రెండు జీపీయూల మీద వచ్చిన చిత్రాలు అంచుల దగ్గర స్వల్పంగా భేదించడం దోషం కాదు. కాబట్టి చిత్రాలను పోల్చేటప్పుడు ఎంత భేదాన్ని అంగీకరించారో గ్రంథంలో చెప్పాలి. జీపీయూ నమూనా, డ్రైవర్ సంచిక, ఇంటర్‌ఫేస్ సంచిక పేర్కొనాలి. షేడర్ల మూలపాఠాన్ని ప్రోగ్రాముతోపాటు భద్రపరచాలి. మెసాలో ఎల్‌ఎల్‌వీఎం‌పైప్, లావాపైప్ అనే రెండు సాఫ్ట్‌వేర్ అమలురూపాలున్నాయి. మొదటిది ఓపెన్‌జీఎల్‌ను, రెండవది వల్కన్‌ను జీపీయూ లేకుండా సీపీయూ మీదే నడుపుతాయి. నిదానమే, కానీ జీపీయూ లేని పరీక్షకుడి యంత్రం మీద కూడా సిద్ధాంతగ్రంథంలోని చిత్రాన్ని మళ్లీ గీయించవచ్చు. గ్రంథం సమర్పించకముందే తన ప్రోగ్రామును ఒకసారి దానిమీద నడిపి చూసుకొన్నవారికి, తమ చిత్రంలో ఎంతభాగం తమ గణనది, ఎంతభాగం తమ డ్రైవరుది అన్నది అక్కడే తెలుస్తుంది.